మీకు తెలుసా? రోమన్ సమాధులపై ఆ రెండక్షరాలు

రోమన్ సామ్రాజ్య కాలపు వేలాది సమాధి శిలలపై మొదట కనిపించే డి, ఎం అనే అక్షరాలు మృతుని పేరుకు పొడి అక్షరాలు కావు. అవి ‘మానేస్ దేవతలకు’ అనే అర్థమిచ్చే ‘దీస్ మానిబుస్’ అనే లాటిన్ పదబంధానికి సంక్షిప్త రూపం. మానేస్ అంటే రోమన్లు దైవసమానంగా భావించి సమష్టిగా పూజించిన మృతుల ఆత్మలు. ఏటా ఫిబ్రవరి 13 నుంచి 21 వరకు జరిగే పరెంటాలియా అనే పితృపర్వంలో కుటుంబీకులు సమాధుల వద్దకు వెళ్లి పూలదండలు, ధాన్యం, ఉప్పు, ద్రాక్షసారాయిలో నానబెట్టిన రొట్టె సమర్పించేవారు.

మొదట్లో పూర్తిగా చెక్కిన ఈ మాట వాడుక పెరిగేకొద్దీ రెండక్షరాలకు కుదించుకుపోగా, దాని కింద మృతుని పేరు, వయసు, సమాధి కట్టించినవారి పేరు చేరేవి. స్పెయిన్, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల్లో చివరన ‘నీపై మట్టి తేలికగా ఉండుగాక’ అనే భావంతో ‘సిత్ తిబి తెర్రా లెవిస్’ అనే దీవెనను ఎస్, టి, టి, ఎల్ అనే నాలుగు అక్షరాలుగా చెక్కడం పరిపాటి.

ఉత్తర ఇంగ్లండ్‌లోని సౌత్ షీల్డ్స్‌లో దొరికిన 2వ శతాబ్దపు శిల డి, ఎం వాడుకకు చక్కని ఉదాహరణ: సిరియాలోని పల్మైరాకు చెందిన బరాటెస్, తాను దాస్యవిముక్తి కలిగించి పెళ్లాడిన రెజీనా 30 ఏళ్లకే మరణించగా దీనిని నెలకొల్పాడు. అల్లిక కుర్చీలో కూర్చున్న ఆమె ఒడిలో నూలు వడికే కదురు, పక్కన ఉన్నిబంతుల బుట్ట కనిపిస్తాయి. డి, ఎం అక్షరాలతో మొదలయ్యే లాటిన్ శాసనం కింద అతని మాతృభాషలో మరో పంక్తి ఉంది.

ఈ అక్షరాలు ఎంతగా ఆచారంగా స్థిరపడ్డాయంటే, మానేస్ దేవతలను నమ్మని తొలి క్రైస్తవుల సమాధులు కొన్నింటిపైనా ఇవి కనిపిస్తాయి.