ముసలి ఇంజనుకు వైద్యుడెక్కడ?

ఏటా నవంబరులో లండన్ నుంచి బ్రైటన్ దాకా ఒక చిత్రమైన కార్ల యాత్ర సాగుతుంది. 1905కు ముందు తయారైన కార్లకే అందులో చోటు. వాటిలో కొన్నిటిని చూస్తే గుర్రాన్ని విప్పేసిన బగ్గీలు గుర్తుకొస్తాయి!

అటువంటి కారు ఒకటి మీ చేతికి వచ్చిందనుకోండి. ఇంజను లోపల టకటకమని చప్పుడు. బేరింగులు అరిగాయన్నమాట. కొత్తవి కొందామంటే దుకాణాల్లో దొరకవు. ఆ కాలపు ఇంజన్లలో చాలావాటికి బేరింగును కరిగిన లోహంతో పోతపోసేవారు. ఆ లోహం పేరు బాబిట్. ఎక్కువపాళ్లు తగరం, కాస్త ఆంటిమొనీ, కాస్త రాగి. 1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ కనిపెట్టాడు. ఇది మెత్తన, తాను అరుగుతుంది గాని ఉక్కు ఇరుసును అరగనీయదు.

మరి పోసేవారెవరు? వీధి చివరి మెకానిక్కు తల అడ్డంగా ఊపుతాడు. పాపం, అతని తప్పేమీ లేదు. మీరు వెళ్లవలసింది టర్బైన్లు బాగుచేసేవారి దగ్గరికి! ఇంగ్లండులోనైనా, మన కొత్తగూడెంలోనైనా విద్యుత్ కేంద్రాల భారీ టర్బైన్ల ఇరుసులు నేటికీ ఇటువంటి మెత్తని లోహం మీదనే తిరుగుతాయి.

ఈ పోత ఆషామాషీ కాదు. అచ్చులో ఒక్క నీటిబొట్టు మిగిలినా తటాలున ఆవిరై, కరిగిన లోహాన్ని ముఖాన చిమ్ముతుంది. అచ్చు చల్లగా ఉంటే లోహం సరిగా అతకదు. పోత చల్లారాక ఇరుసుకు నీలిరంగు పూసి అందులో తిప్పుతారు. రంగు అంటిన చోటు మిట్ట. దాన్ని గీకాలి. మళ్లీ రంగు, మళ్లీ గీకుడు. నీలిమచ్చలు అంతటా సమంగా పడేదాకా ఇదే పని.