రెండు బటన్ల ఫ్లష్ ట్యాంకు

బాన్సువాడ పొలాలకు నిజాంసాగర్ కాలువే ఆధారం. మంజీరపై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు నుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలారన్నది ఊరంతా మాట్లాడుకునే సంగతి. అదే ఊళ్లో హాస్టల్ ఫ్లష్ ఒక్కసారి లాగితే ఎన్ని లీటర్లు పోతాయో అడగండి, చెప్పేవాళ్లు అరుదు.

ఆ లెక్కను మార్చిన ట్యాంకు ఆస్ట్రేలియాలో పుట్టింది. 1980లో కరోమా కంపెనీ డిజైనర్ బ్రూస్ థాంప్సన్ ఒకే ట్యాంకుకు రెండు బటన్లు పెట్టాడు. పెద్దదానికి 11 లీటర్లు, చిన్నదానికి అందులో సగం. చిన్న బటన్ నొక్కితే అడుగున ఉన్న వాల్వు ముందుగానే మూసుకుంటుంది, కిటుకంతా అదే. కానీ నీళ్లు తగ్గిస్తే పాత కమోడ్ శుభ్రం కాదు. అందుకని కమోడ్ వంపుల్నీ మార్చాల్సి వచ్చింది. తగ్గుతూ తగ్గుతూ అది 6, 3 లీటర్లకు దిగింది.

మన హరిత భవనాల లెక్క కూడా ఈ లీటర్ల కొలతతోనే మొదలవుతుంది. 2001లో ఏర్పడి, హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ బాత్రూం సామాన్లను రెండుగా విడదీస్తుంది. కమోడ్లు, యూరినల్స్‌కు ఒక్కో వాడకానికి ఎన్ని లీటర్లని కొలత. కుళాయిలు, షవర్లకు నిమిషానికి ఎన్ని లీటర్లని. భారత ప్రమాణాల సంస్థ కూడా 2021లో ఐఎస్ 17650 తెచ్చి వీటికి నక్షత్రాల రేటింగ్ పెట్టింది.

షవర్ స్నానానికి ఈ విభజన బాగానే అతుకుతుంది. కానీ మన హాస్టల్ పిల్లలది బకెట్, మగ్గు స్నానం. బకెట్ నింపే కుళాయికి ధార తగ్గించే ఏరేటర్ బిగిస్తే బకెట్ ఆలస్యంగా నిండుతుంది, అంతే. చుక్క కూడా మిగలదు, పైగా వెనక నిలబడ్డవాళ్ల తిట్లు. అదే ఏరేటర్ చేతులు కడిగే బేసిన్‌కు పెడితే నిజంగా ఆదా. కాబట్టి హాస్టల్‌కు సామాను ఎంచుకునేటప్పుడు నీటిని ఆపేది ఏమిటని అడగాలి: నిండిన పాత్రా, మనిషి చెయ్యా, ట్యాంకులోని వాల్వా? ఇక 1970లో బిందేశ్వర్ పాఠక్ మొదలుపెట్టిన సులభ్ సంస్థ నిటారు వాలు మరుగుదొడ్డి ప్యాన్ ఉందిగా, దానికి రెండు లీటర్లు పోస్తే చాలు. బటన్ లేదని దాన్ని చిన్నచూపు చూడటం అన్యాయం.

వాల్వు ఉన్న ట్యాంకుకు ఒక జబ్బుంది: కారడం. ఆ భయంతోనే బ్రిటన్ 2001 దాకా ఇలాంటి వాల్వులను అనుమతించకుండా, వాల్వు లేని సైఫన్‌తోనే సరిపెట్టుకుంది. ఉప్పు తేరే బోరు నీళ్లయితే రబ్బరు వాషర్ మీద పొర కట్టి వాల్వు సరిగా మూసుకోదు. రాత్రంతా కారే ట్యాంకు రెండు బటన్ల ఆదానంతా తినేస్తుంది. వార్డెన్లకు ఒక మనవి: రాత్రి పడుకునే ముందు ట్యాంకులో కాస్త నీలిమందు కలపండి. పొద్దున ఎవరూ ఫ్లష్ చేయకముందే కమోడ్‌లో నీలం కనిపిస్తే వాషర్ మార్పించండి.