అంగట మొక్కలు - బతుకమ్మ పూలు

లాలాపేట, నాచారము, ఉప్పలు ప్రాంతముల సోదరీమణులలో వరండాలోనో మేడపైనో నాలుగు కుండీలు పెట్టనివారు నేడు అరుదు. ఆ కుండీలలోని మొక్కలలో పెక్కులు మన యూర పుట్టినవి కావు. తూర్పుగోదావరిజిల్లా కడియము, కడియపులంక గ్రామముల నర్సరీలనుండి లారీల నెక్కి వచ్చినవి. గోదావరి ఒండ్రునేలయు, కాలువ నీరును ఆ పల్లెలను తోటలుగా మార్చినవి. అచ్చటినుండి దేశము నలుమూలలకును మొక్కలు పోవుచున్నవి.

ఈ వర్తకమున ఒక మార్పు మాకు స్పష్టముగా కనబడుచున్నది. వెనుక మొక్క కొన్నచో పూవు కొరకే కొనెడివారము. నేడు ఆకు కొరకు కొనుచున్నాము. క్రోటన్లు, మనీప్లాంటు, అరెకాపామ్ అంగడి ముందువరుసలో నిలిచినవి. ఇందుకు కారణము వేషము మాత్రమే కాదు. మల్లెకును గులాబికిని దినమునకు ఐదారు గంటల యెండ కావలయును. అపార్టుమెంటు వరండాలో అంత యెండ యెక్కడిది? ఆకుమొక్క నీడను ఓర్చుకొనును.

ఇక జడలోనికిని పూజకును పూవులు మూరలెక్కన వీధిలో కొనవలసినదే. నగరమునకు గుడిమల్కాపురము పెద్ద పూలసంత. పెండ్లిపందిళ్లకు కావలసిన జర్బెరాలను చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల రైతులు పాలీహౌసులలో పెంచుచున్నారు. చామంతి సంగతి మరియు వింత. రాత్రి నిడివి పెరిగిననే గాని అది మొగ్గ తొడగదు. కావున పూత వెనుకకు జరుగవలెనన్నచో రైతు రాత్రులందు తోటలో దీపములు వెలిగించి దానిని మభ్యపెట్టును!

ఇంత నేర్పు గల వర్తకములో తంగేడునకును గునుగునకును చోటు లేదు. తంగేడు 2014లో ఏర్పడిన తెలంగాణమునకు రాష్ట్రపుష్పము. అయినను నర్సరీలో దానిని అడుగువారు లేరు, పెంచువారును లేరు. అది పూచు బీళ్లు ప్లాట్లయినవి. గునుగు చేలలో కలుపుమొక్క; రైతు కలుపుమందు చల్లును, అతని తప్పేమున్నది? ఇట్లు బతుకమ్మ నాటికి ఈ పూవులు ఎంతో దూరమునుండి కోసి తెచ్చువారి గంపలనుండియే మనకు దొరకవలసివచ్చుచున్నది. గంప రాని యేట తాంబాళములో బంతిపూలే మిగులును.

వీనిని పెంచుట కష్టము కాదు. తంగేడు వేరు లోతునకు దిగును గనుక పెరికి తెచ్చిన మొక్క నిలుచుట అరుదు, విత్తనమే మేలు. దాని పెంకు గట్టిది. వేడినీళ్లలో వేసి ఒకరాత్రి నాననిచ్చి, పెరటిలోనో కాలనీ పార్కు అంచుననో ఎండ తగులుచోట నాటవలెను. గునుగునకు కుండీయైనను చాలును. తొలకరిలో విత్తనములు పలుచగా చల్లి, పైన పిడికెడు మన్ను రాల్చినచో దసరానాటికి కంకులు వేయును. అన్ని కంకులను కోయక రెండు మూడింటిని మొక్కమీదనే ఎండనిండు. కాగితముపై దులిపినచో నల్లగా నిగనిగలాడు సన్నని గింజలు రాలును. ఇరుగుపొరుగువారికి పంచుటకుగూడ సరిపోవును.