పేగు గడప దాటని మందులు

అమైనో ఆమ్లాలు గొలుసుగా కూడి ఏర్పడే పదార్థాలలో పొట్టివాటిని పెప్టైడ్లు అనీ, పొడవుగా ఉండి తమలో తాము ముడుచుకొని నిర్దిష్ట రూపం దాల్చేవాటిని ప్రోటీన్లు అనీ వ్యవహరిస్తారు. 51 అమైనో ఆమ్లాల ఇన్సులిన్‌ను 1922లో టొరంటోలో తొలిసారి మధుమేహ రోగికి సూదిమందుగా ఇచ్చారు. నూరేళ్లు దాటినా అది ప్రధానంగా సూదిమందుగానే ఉండిపోవడానికి కారణం జీర్ణవ్యవస్థ తన పని తాను చక్కగా చేయడమే. పప్పులోని ప్రోటీనుకూ మందులోని ప్రోటీనుకూ అది తేడా చూడదు. జఠరరసంలోని ఆమ్లం వాటి మడతలను విప్పగా, పెప్సిన్, ట్రిప్సిన్ వంటి ఎంజైములు, అంటే రసాయన చర్యలను వేగవంతం చేసే ప్రోటీన్లు, గొలుసును ముక్కలు చేస్తాయి. ఆ దాడిని తప్పించుకున్నా పేగు గోడలోని కణాలు ఒకదానికొకటి బిగువుగా అతుక్కొని ఉండడం వల్ల, అణుభారం సుమారు 500 డాల్టన్లు మించిన పదార్థాలు సాధారణంగా లోనికి పోలేవు. ఇన్సులిన్ అణుభారమో దాదాపు 5,800. (హైడ్రోజన్ పరమాణువు బరువు సుమారు ఒక డాల్టన్.)

ఊపిరితిత్తుల దారినీ ప్రయత్నించారు గాని, 2006లో అమెరికాలో అనుమతి పొందిన పీల్చే ఇన్సులిన్ 'ఎక్సుబెరా'ను ఫైజర్ సంస్థ ఆశించిన అమ్మకాలు లేక మరుసటి ఏడాదే ఉపసంహరించుకుంది.

నోటి దారిలో చెప్పుకోదగ్గ ముందడుగు 2019లో అమెరికాలో అనుమతి పొందిన, మధుమేహానికి వాడే సెమాగ్లూటైడ్ మాత్ర. భోజనానంతరం పేగు విడుదల చేసే జీఎల్‌పీ-1 హార్మోను రక్తంలో కొద్ది నిమిషాలే నిలుస్తుంది. దానిని పోలిన ఈ పెప్టైడ్‌కు కొవ్వు ఆమ్లపు తోకను తగిలించడంతో, అది రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీనును పట్టుకొని ఉండిపోయి, సగానికి తగ్గడానికి దాదాపు వారం తీసుకుంటుంది. మాత్రలో దీనితోపాటు ఉండే 300 మిల్లీగ్రాముల సాల్కాప్రోజేట్ సోడియం, మాత్ర కరిగే చోట ఆమ్లతను తగ్గించి పెప్సిన్‌ను నిరోధిస్తూ, కణపొరలను కాస్త సడలించి, మందును జఠర గోడ గుండానే రక్తంలోకి పంపుతుంది.

అయినా రక్తాన్ని చేరేది సుమారు ఒక శాతమే. రోజుకు 14 మిల్లీగ్రాముల చొప్పున వారానికి 98 మిల్లీగ్రాములు మింగవలసి వస్తుండగా, వారానికొకసారి వేసుకునే ఇంజెక్షన్‌లో సాధారణంగా ఉండేది 0.5 లేదా 1 మిల్లీగ్రాము. కనుక ఇది పేగు గోడను జయించిన మందు అనడం కన్నా, వృథాను భరించగలిగిన మందు అనడమే న్యాయం. ఒకరోజు ఎక్కువ, మరొకరోజు తక్కువ ఒంటబట్టినా, అది రక్తంలో రోజుల తరబడి నిలుస్తుంది కనుక ఆ హెచ్చుతగ్గులు సర్దుకుంటాయి. మామూలు ఇన్సులిన్‌కు ఆ వెసులుబాటు లేదు. అవసరానికి మించి రక్తంలో కలిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. రక్తంలో ఎక్కువ కాలం నిలిచేలా మార్చిన ఐ338 అనే ఇన్సులిన్ మాత్ర 8 వారాల పరీక్షలో గ్లార్జిన్ అనే ఇన్సులిన్ ఇంజెక్షన్‌తో దాదాపు సమానంగా పనిచేసినా, మోతాదు మరీ ఎక్కువ కావలసి రావడంతో, సెమాగ్లూటైడ్‌ను రూపొందించిన నోవో నార్డిస్క్ సంస్థే దానిని విరమించుకుంది.

సెమాగ్లూటైడ్ మాత్ర వాడేవారు దానిని పరగడుపున, 120 మిల్లీలీటర్లకు మించని మంచినీటితో మింగి, కనీసం అరగంట వరకు కాఫీ, టిఫిను, ఇతర మాత్రలు ముట్టకూడదు. లేకుంటే అసలే కొద్దిగా అందే మందు ఇంకా తగ్గిపోతుంది.