ఎర్రదీపం మీది అక్షరం



1960 దశకంలో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం ఓడరేవుకు చేర్చడానికి కొత్తవలస-కిరండూల్ రైలు మార్గాన్ని వేశారు. జగదల్‌పూర్ ఆ మార్గం మీదే ఉంది. ఆ దారిలో ప్రయాణించే మీరు సిగ్నల్ స్తంభాలను చూసే ఉంటారు. ఎరుపు వెలిగితే ఆగాలి, ఆకుపచ్చ వెలిగితే వెళ్ళాలి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. కాని మన దేశంలో కొన్ని రైల్వే సిగ్నళ్ళకు రంగు దీపాలతో పాటు ఒక ఇంగ్లీషు అక్షరం కూడా ఉంటుంది. రంగు ఉండగా అక్షరం ఎందుకు? ఆ అక్షరం చెరిగిపోతే దాన్ని తిరిగి ఎలా నిలబెట్టాలి? ఈ పాఠంలో ఈ రెండు విషయాలు తెలుసుకుందాం.

అక్షరం చేసే పని

పసుపు వృత్తంలో నల్లని 'జి' అక్షరం ఉంటే అది లెవెల్ క్రాసింగ్ గేటుకు సంబంధించిన సిగ్నల్. అక్కడ ఎరుపు కనబడితే డ్రైవరు కూత వేసి బండి ఆపుతాడు. పగలైతే 1 నిమిషం, రాత్రయితే 2 నిమిషాలు వేచి ఉంటాడు. అప్పటికీ సిగ్నల్ మారకపోతే గేటు వరకు జాగ్రత్తగా బండిని నడపవచ్చు. అక్షరం లేని మామూలు స్టేషన్ సిగ్నల్ దగ్గర ఈ వెసులుబాటు లేదు. అనుమతి వచ్చేదాకా బండి కదలకూడదు.

ఆటోమేటిక్ సిగ్నల్ మీద 'ఏ' అక్షరం ఉంటుంది. సెమీ ఆటోమేటిక్ సిగ్నల్‌కైతే ఈ 'ఏ' వెలిగే అక్షరం. అది వెలుగుతున్నంత సేపూ ఒక నియమం. ఆరిపోతే ఆ సిగ్నల్‌ను మనిషి నడిపే మామూలు సిగ్నల్‌గానే భావించాలి.

ఇప్పుడు ఒక ప్రశ్న. అక్షరం కనబడకపోవడం ప్రమాదమా, ఉండకూడని చోట అక్షరం ఉండటం ప్రమాదమా? అక్షరం కనబడకపోతే డ్రైవరు ఎరుపును కఠినంగా పాటిస్తాడు, బండి ఆలస్యమవుతుంది. ఉండకూడని చోట అక్షరం ఉంటే ఆగవలసిన బండి ముందుకు కదులుతుంది. లేని అక్షరం కంటే తప్పు అక్షరమే ఎక్కువ హాని చేస్తుంది. పాత లెన్స్‌లను బాగుచేసేవారికి కూడా ఇదే మొదటి సూత్రం.

రోడ్డు దీపాల మీద అక్షరాలు

రోడ్డు సిగ్నల్ రైల్వే నుంచి వచ్చినదే. 1868లో లండన్‌లో పార్లమెంటు భవనం దగ్గర గ్యాస్ దీపాలతో ఎరుపు, ఆకుపచ్చ సిగ్నల్ పెట్టారు. 1869 జనవరిలో గ్యాస్ పేలి అది పాడయింది. 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో విద్యుత్ సిగ్నల్, 1920లో డెట్రాయిట్‌లో మూడు రంగుల సిగ్నల్ వచ్చాయి. ఆ తొలి దశాబ్దాలలో చాలా ఎర్ర అద్దాల మీద 'స్టాప్' అనే మాట నల్లగా ఉండేది. కొన్ని ఆకుపచ్చ అద్దాల మీద 'గో' అని కూడా ఉండేది. రంగుల భాష జనానికి ఇంకా అలవాటు కాని కాలం అది. పైగా కొందరికి పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. అటువంటివారికి అక్షరం ఆసరా అవుతుంది. నేటి అమెరికా ప్రమాణాల ప్రకారం గుండ్రని రంగు దీపాల మీద అక్షరాలు ఉండకూడదు. అందువల్ల ఆ పాత అద్దాలు ఇప్పుడు ఎక్కువగా ప్రదర్శనశాలలలోనూ, సేకరించేవారి దగ్గరా మిగిలాయి.

గాజు మీద రంగు ఎందుకు ఊడుతుంది?

గోడ రంగును పీల్చుకుంటుంది, చెక్క పీల్చుకుంటుంది. గాజుకు రంధ్రాలు లేవు. అందువల్ల పెయింట్ దాని పైన పొరలాగా అంటుకొని ఉంటుందే తప్ప లోపలికి దిగదు. దీపం వెలిగినప్పుడు అద్దం వేడెక్కుతుంది, ఆరినప్పుడు చల్లబడుతుంది. వేడికి గాజు కొద్దిగా, పెయింట్ పొర అంతకంటే ఎక్కువగా వ్యాకోచిస్తాయి. వేలసార్లు ఇలా జరిగేసరికి పెళుసెక్కిన పొర పగులుతుంది. ఆ పగులులో తేమ చేరుతుంది. అంచులు లేచి పెచ్చులు ఊడతాయి.

అన్ని అక్షరాలూ ఒకే రకం కావు. కొన్నింటిని గాజు పొడి, లోహ ఆక్సైడ్లు కలిపిన ఎనామిల్‌తో రాసి కొలిమిలో కాలుస్తారు. అవి గాజుతో కలిసిపోతాయి కనుక చాలాకాలం నిలుస్తాయి. కొన్నింటిని మామూలు పెయింట్‌తో రాస్తారు. త్వరగా ఊడేవి ఇవే. మరికొన్నింటిలో అక్షరం అచ్చులోనే ఉబ్బెత్తుగా పోతపోసి ఉంటుంది. రంగు పోయినా ఆకారం మిగులుతుంది.

బాగుచేసే క్రమం

మొదటి మెట్టు పరిశీలన. అద్దాన్ని మూడు విధాల ఫోటో తీయాలి: ఎదుటి వెలుగులో, వెనుక దీపం పెట్టి, పక్కవాటుగా వెలుగు వేసి. వెనుక దీపం పెడితే అక్షరంలోని సూదిమొన రంధ్రాలు కూడా చుక్కల్లా మెరుస్తాయి. పక్కవాటు వెలుగులో లేచిన అంచులు తెలుస్తాయి. పెయింట్ పూర్తిగా పోయిన చోట కూడా ఒక్కోసారి మసక జాడ కనబడుతుంది. పెయింట్ కింద ఉన్నంతకాలం ఆ గాజుకు ఎండా వానా తగలలేదు కదా! ఆ జాడను పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం మీద గీసుకోవాలి.

రెండవది శుభ్రం చేయడం. డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపిన దూదిని అక్షరం లేని మూల మీద ముందు పరీక్షించాలి. తరువాత అక్షరం అంచున ఒక చుక్కంత చోట చూడాలి. దూదికి నలుపు అంటితే వెంటనే ఆపాలి. ఇసుక కాగితం, ఇనుప పీచు వాడకూడదు. గాజు మీద గీతలు పడతాయి. పాత పెయింట్లలో సీసం ఉండవచ్చు కనుక ఆ పొడి పీల్చడం ఆరోగ్యానికి హాని.

మూడవది లేచిన అంచులను అతికించడం. దీనికి పారలాయిడ్ బి-72 అనే ఆక్రిలిక్ రెసిన్‌ను వాడతారు. దీన్ని అసిటోన్‌లో పలుచగా కరిగించి సన్నని కుంచెతో పెచ్చు కిందికి పంపుతారు. ఎంతకాలమైనా ఇది మళ్ళీ కరుగుతుంది. కావాలంటే తీసివేయవచ్చు. అందుకే దీన్ని ఎంచుకుంటారు. అయితే అసిటోన్ పాత పెయింట్‌ను కూడా కరిగించవచ్చు. ఆ పరీక్ష ముందే జరగాలి. అసిటోన్‌కు త్వరగా నిప్పు అంటుకుంటుంది. ఈ పని గాలి బాగా ఆడే చోట, నిపుణుల పర్యవేక్షణలోనే చేయాలి.

నాల్గవది పూరించడం. ఊడిన భాగంలో మాత్రమే కొత్త రంగు వేయాలి. పాత రంగు మీదికి అది పాకకూడదు. ముందు బి-72 పొర వేసి, దాని మీద నలుపు నింపితే రేపు ఎవరైనా పాతదానికి దెబ్బ తగలకుండా కొత్తదాన్ని తొలగించగలరు. కాల్చిన ఎనామిల్ పోయింది కదా అని పాత అద్దాన్ని మళ్ళీ కొలిమిలో పెట్టకూడదు. అది పగిలిపోవచ్చు.

జాడ కూడా లేకపోతే?

అక్షరం పూర్తిగా పోయి, జాడ కూడా కనబడకపోతే ఏం చేయాలి? అదే తయారీదారు అచ్చులో వచ్చిన మరో అద్దం కాని, పాత ఫోటో కాని, కేటలాగు కాని దొరికితే దాన్ని ఆధారంగా తీసుకోవచ్చు. ఏదీ దొరకకపోతే ఖాళీగా వదిలేయాలి. అందంగా ఉంటుందని ఊహించి రాస్తే, తరువాత చూసేవారు దాన్నే నిజమని నమ్ముతారు.

అద్దం రంగు విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. కిరోసిన్ దీపాల కాలపు రైల్వే 'ఆకుపచ్చ' లెన్స్‌ను పగటివెలుగులో చూస్తే నీలంగా ఉంటుంది. తప్పు అద్దం వేశారని అనుకోకండి. కిరోసిన్ జ్వాల పసుపు. ఆ పసుపు వెలుగు నీలి ఛాయ ఉన్న గాజు గుండా వస్తే ఆకుపచ్చగా కనబడుతుంది. ఇది తెలియక 'సరైన' ఆకుపచ్చ గాజు బిగిస్తే అసలు సంగతి చెరిగిపోతుంది.

ఒక్క హద్దు గుర్తుంచుకోవాలి. ఇప్పటివరకు చెప్పినదంతా పనిలో లేని పాత అద్దాలకే. వాడుకలో ఉన్న సిగ్నల్‌ను తాకే అధికారం రైల్వే సిబ్బందికి లేదా ట్రాఫిక్ సిబ్బందికి మాత్రమే ఉంటుంది. అక్కడ పాతదాన్ని కాపాడటం కంటే స్పష్టంగా కనబడటం ముఖ్యం. అందువల్ల చెరిగిన గుర్తును తీసి కొత్తది పెడతారు.

మీరు చేసి చూడండి

ఒక గాజు గ్లాసు మీద నల్ల పోస్టర్ రంగుతో ఏదైనా అక్షరం రాసి ఆరనివ్వండి. ముందు పగటివెలుగులో చూడండి. తరువాత చీకటిగదిలో గ్లాసు లోపల టార్చి వెలిగించి చూడండి. నిండుగా కనబడిన నలుపులో ఎన్ని రంధ్రాలున్నాయో లెక్కపెట్టండి. రెండవ పూత వేసి మళ్ళీ లెక్కపెట్టండి. చివరగా తడి దూదితో ఒక మూల మెల్లగా రుద్దండి. ఎన్నిసార్లు రుద్దితే రంగు వదిలిందో నోటుపుస్తకంలో రాసుకోండి. ఇదే ప్రయోగాన్ని ఒక చెక్కముక్క మీద కూడా చేసి, రెండింటినీ పోల్చండి.