లావు వేరు, బలం వేరు
తుంటి విరిగి మా వార్డుకు వచ్చిన మామ్మగారిని చూపించి, "మనిషి పుష్టిగానే ఉంది కదా సిస్టరుగారూ, ఎలా పడింది?" అని ఇంట్లోవారు అడుగుతుంటారు. వయసు మీరేకొద్దీ తొడల్లో కండ తగ్గి కొవ్వు చేరుతుంది. బరువు మాత్రం తగ్గదు. కాలు జారినప్పుడు నిలబెట్టేది కండే.

గుడిలో పాటకు లేచేటప్పుడు ముందు బెంచీ పట్టుకోనిదే లేవలేకపోతున్నారా? ఇంట్లో గోడకు ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు కట్టుకుని 5 సార్లు లేచి కూర్చోమనండి. మీరు పక్కనే ఉండండి. 15 సెకన్లు దాటితే బలం తగ్గిందని అనుమానించి మాకు చూపించండి.

లావు తగ్గాలని పస్తులుంచితే ఉన్న కండా పోతుంది. అరగదని చారన్నంతోనే సరిపెట్టడం మాకసలు నచ్చదు. పప్పు, గుడ్డు, పెరుగు, చేప రోజూ ఏదో ఒకటి పెట్టండి. మూత్రపిండాల జబ్బుంటే ముందు డాక్టరుగారిని అడగండి.