ఒకే ఫారానికి పలు రూపాలు: బ్రౌజర్ల తేడాతో దరఖాస్తుదారుల అవస్థ

న్యూఢిల్లీ: కాగితంపై అచ్చయిన దరఖాస్తు ఫారం ఎవరి చేతిలోనైనా ఒకటే. కంప్యూటర్ తెరపై ఫారం అలా కాదు. క్రోమ్‌లో తెరిస్తే ఒక తీరు, ఐఫోన్‌లోని సఫారీలో మరో తీరు. పేరు, చిరునామా నింపే గడుల వెడల్పు, అక్షరాల పరిమాణం, తేదీ ఎంచుకునే పద్ధతి అన్నీ మారిపోతుంటాయి.

దీనికి మూలం 1995లో ఉంది. ఆ ఏడాది ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ దేశ ప్రజలకు ఇంటర్నెట్‌ను అందుబాటులోకి తెచ్చింది. నవంబరులో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణం ఫారాల గడులకు చోటు కల్పించింది. అయితే గడి ఏ పని చేయాలో చెప్పిందే తప్ప ఎలా కనిపించాలో నిర్దేశించలేదు. ఆ పని బ్రౌజర్ తయారీదారులకే వదిలేసింది.

1996 డిసెంబరులో పేజీల రూపురేఖల కోసం సీఎస్ఎస్ ప్రమాణం రాగా, చిక్కు తీరకపోగా మరొకటి తోడైంది. గడి వెడల్పు 200 పిక్సెళ్లని రాస్తే అంచు, లోపలి ఖాళీ అందులోనే కలుస్తాయా? విడిగా లెక్కించాలని ప్రమాణం చెప్పింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మాత్రం 5.5 వెర్షన్ వరకు కలిపే లెక్కించింది. విచిత్రమేమంటే, నాడు తప్పని తేలిన ఆ లెక్కనే నేడు డిజైనర్లు కోరుకుంటున్నారు. ‘బాక్స్ సైజింగ్’ అనే ఒక్క ఆదేశంతో బ్రౌజర్లన్నిటినీ అదే దారికి తెస్తున్నారు.

కాగా, తెలుగువారికి వెడల్పు కంటే ఎత్తే అసలు సమస్య. ఆంగ్లాక్షరాలకు సరిపోయేలా ఎత్తు బిగించిన గడిలో ‘లక్ష్మి’ అని టైపు చేస్తే కింది ఒత్తు తెగిపోయే ప్రమాదముంది. పైగా పేజీకి ఎంచుకున్న ఫాంటు గడిలోకి దానంతటది రాదు, వేరుగా ఆదేశించాలి. తన పేరు సరిగా పడిందో లేదో దరఖాస్తుదారు పోల్చుకోలేకపోతే ఆ తప్పు ధ్రువపత్రం దాకా వెళ్లవచ్చు. పరిష్కారం ఖర్చుతో కూడినదేమీ కాదు. ఎత్తు బిగించకుండా పైనా కిందా కొంత ఖాళీ వదిలి, వరుస ఎత్తు పెంచితే చాలు. అక్షరాలు 16 పిక్సెళ్లకు తగ్గకూడదు. తగ్గితే ఐఫోన్‌లో గడిని తాకగానే పేజీ అమాంతం పెద్దదై పక్క గడులు కనుమరుగవుతాయి.

పలు బ్రౌజర్లలో పరీక్షించాలని ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లోనే సూచించాయి. ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న స్వస్తి చెప్పింది. తేదీ గడిలో తెరుచుకునే క్యాలెండరును మాత్రం ఇప్పటికీ ఏ బ్రౌజర్ తీరు దానిదే. బ్రిటన్ ప్రభుత్వం ఆ బెడద లేకుండా తన ఫారాల్లో పుట్టిన రోజు, నెల, సంవత్సరాన్ని మూడు మామూలు గడుల్లో అడుగుతోంది.